చిప్ మరిచిపోని వేలు

ల్యాప్‌టాప్ కీబోర్డు పక్కన వేలి కొన పట్టేంత నల్లటి గడి ఒకటుంది. ఇది దాని ఆత్మకథ. ఇంట్లో వాళ్లు పిలిచినట్టే తనను తాను ‘రీడరు’ అనే చెప్పుకుంటుంది.

రీడరు వేలిని ఫొటో తీయదు. చర్మం మీది గట్లు దానికి ఆనుతాయి, గాళ్లు ఆనవు. ఆ రెండు చోట్లా కెపాసిటెన్స్ వేరు. ఆ తేడానే ముద్రగా చదువుకుంటుంది. అంట్లు తోమి తడి ఆరకముందే వేలు పెడితే నీళ్లు గాళ్లను నింపేస్తాయి, ముద్ర చెదిరిపోతుంది.

మూడేళ్లు అది విండోస్ కింద పనిచేసింది. విజయవాడలో డిగ్రీ చదివే అమ్మాయిది ఆ ల్యాప్‌టాప్. ఒక ఆదివారం డిస్కంతా తుడిచేసి ఉబుంటు వేసుకుంది. కుడి చూపుడు వేలు నమోదు చేయబోతే ఎన్నిసార్లయినా కుదరలేదు.

“చెడిపోయిందేమో అక్కా!” అన్నాడు తమ్ముడు.

“ఉండరా, చూద్దాం.”

టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ అని కొడితే యూఎస్‌బీ పరికరాల జాబితాలో రీడరు కనిపించింది. అంతమాత్రాన సరిపోదు. ఉబుంటులో వేలిముద్రల పని చూసే లిబ్‌ఎఫ్‌ప్రింట్‌లో డ్రైవరు లేకపోతే పరికరమే లేదని జవాబొస్తుంది. అలాంటి రీడర్లు ఇప్పటికీ చాలానే ఉన్నాయి. దీనికి డ్రైవరుంది. ఎడమ చూపుడు వేలు పెడితే వెంటనే నమోదైంది! కుడి వేలికి మాత్రం టెర్మినల్‌లో ‘ఎన్‌రోల్-డూప్లికేట్’ అని వచ్చింది.

గుట్టు అక్కడే దొరికింది. ఈ రీడరు ముద్రలను తన చిప్‌లోనే దాచుకుని అక్కడే పోల్చి చూసుకునే రకం. డిస్కు తుడిచినా చిప్ చెరగదు. విండోస్ కాలంలో ఇచ్చిన కుడి వేలు అందులో పదిలంగా ఉంది. ఉబుంటుకు ఆ సంగతి తెలియదు. అదృష్టవశాత్తూ ఆ ల్యాప్‌టాప్ బయోస్‌లో వేలిముద్రల డేటా చెరిపే ఆప్షన్ ఉంది. అది వాడి, రెండు వేళ్లనూ కొత్తగా నమోదు చేసింది. అడ్మిన్ ఆదేశాలు నడిపే సుడో కూడా వేలితోనే నడవాలని ప్యామ్-ఆత్-అప్‌డేట్‌లో ఫింగర్‌ప్రింట్ గడికి టిక్కు పెట్టింది. అంతకుముందే ఇంకో కిటికీలో రూట్ టెర్మినల్ తెరిచి ఉంచింది. చాలా మంచి పని చేసింది: లాగిన్ అనుమతులు చూసే ప్యామ్‌లో పొరపాటు జరిగితే లోపలికి వెళ్లే దారే మూసుకుపోవచ్చు.

వేలితో లాగిన్ అయింది. కానీ క్షణంలోనే కీరింగ్ పాస్‌వర్డ్ అడిగింది.

“కీరింగ్‌కి పాస్‌వర్డే తీసేద్దాం” అన్నాడు తమ్ముడు. ఆమె ఒప్పుకోలేదు. రీడరు చెప్పగలిగింది ఔను, కాదు అనే రెండు మాటలే. వైఫై, బ్రౌజర్ రహస్యాలు దాచే కీరింగ్‌కు తాళంచెవి లాగిన్ పాస్‌వర్డ్ నుంచే తయారవుతుంది. అది రీడరు దగ్గర లేదు. పాస్‌వర్డ్ తీసేస్తే ఆ రహస్యాలు డిస్కులో తాళం లేకుండా పడి ఉంటాయి.

ఇప్పుడామె ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే ఒక్కసారి పాస్‌వర్డ్ కొడుతుంది. ఆ తర్వాత రోజంతా స్క్రీన్ తాళం తీసేది రీడరే.