రెండు మిద్దెల నడిమి గోడ

ఈ గోడకు రెండు ముఖాలు. తూర్పు ముఖం ఒక ఇంటి పడసాలలో ఉంటే పడమటి ముఖం పక్కింటి పడసాలలో ఉంది. ఎమ్మిగనూరు పాత ఊర్లో, నేతగాళ్ల వీధిలో, ఒకదానికొకటి ఆనుకుని సాగిన మట్టి మిద్దెల వరసలో ఇది పుట్టింది. అప్పుడు ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో, బళ్లారి జిల్లా ఆదోని తాలూకాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని తాలూకా కర్నూలు జిల్లాలో చేరింది. ఆ తాలూకాతో పాటే ఈ గోడ కూడా వచ్చింది.

పడమటి కర్నూలులో రాయికి కరువు లేదు. గోడలోని రాళ్లు ఊరవతలి గుట్ట నుంచి వచ్చాయి. వడ్డెర పనివాళ్లు బండ మీద కట్టెలు పేర్చి నిప్పు పెట్టారు. వేడికి రాయి పొర లేచింది. దాన్ని సమ్మెటలతో పగలగొట్టి బండ్లకెత్తారు. కట్టేటప్పుడు అటు ఒక వరస, ఇటు ఒక వరస పెట్టి నడుమ చిన్న రాళ్లు, మట్టి కూరారు. అక్కడక్కడ ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పట్టే పొడవాటి రాయి వేశారు. ఆ రాళ్లే లేకపోతే రెండు వరసలూ ఏనాడో విడిపోయి చెరో ఇంట్లో పడేవి. సున్నం డబ్బున్నవాళ్ల సొగసు. ఈ గోడకు దక్కింది మట్టి అడుసే.

గోడ అసలు బతుకు దాని తల మీద ఉంది. తూర్పింటి దూలం కొస, పడమటింటి దూలం కొస రెండూ దీని మీదే ఆనాయి. దూలాల మీద దంతెలు, దంతెల మీద సన్నకట్టెలు, వాటి మీద బందారాకు, ఆకు మీద మట్టి, అన్నిటికీ పైన చౌడు. పైరు మొలవని ఆ చౌడులోనే మిద్దె ప్రాణం ఉంది. ఉప్పు నిండిన ఆ మట్టి తడవగానే మెత్తగా విచ్చుకుని సందులన్నీ మూసేస్తుంది. నీళ్లు లోపలికి దిగే దారి లేక దోనె వైపు జారిపోతాయి. ఏటా మృగశిర కార్తె రాకముందే పాత చౌడు మీద కొత్త చౌడు పడాలి.

"అక్కా, మీ పక్క తడి దిగిందా?"

"దిగింది పాపా. రేపు చౌడు తోలించల్ల."

మిద్దెల మీద ఇలాంటి మాటలు ఈ గోడ ఎన్ని విందో! ఒక మిద్దె ఎక్కితే వీధి కొస దాకా నేల మీద కాలు పెట్టకుండా నడిచిపోవచ్చు. ఎండాకాలం పక్కలూ అక్కడే, మిరపకాయలు ఎండేదీ అక్కడే. అయితే ఒక మాట చెప్పకపోతే కథ సగమే అవుతుంది. ఏటేటా పడే చౌడుతో మిద్దె బరువూ పెరుగుతుంది. ముసురు పట్టినప్పుడు ఆ మట్టి నీళ్లు తాగి ఇంకా బరువెక్కుతుంది. పుచ్చిన దంతె విరిగితే కింద నిద్రపోతున్న మనుషుల మీదే పడుతుంది. 2009లో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని, కర్నూలును ముంచిన ఆ వానల తర్వాత మట్టి మిద్దెలో పడుకోవడానికి భయపడిన వాళ్లను తప్పుపట్టడం ఈ గోడకు చేతకాదు.

పడసాల మధ్య గుంత మగ్గం. నేతగాడు నేలలో తీసిన గుంతలో కాళ్లు పెట్టి పావుకోళ్లు తొక్కుతాడు. నూలు పోగు కంటికి ఆనాలంటే వెలుతురు కావాలి. రెండు పక్కలా ఉమ్మడి గోడలే కాబట్టి కిటికీ పెట్టే చోటు లేదు. అందుకే మిద్దెకే కంత పెట్టి గవాచి చేశారు. వాన వస్తే పైకి పరుగెత్తి దాన్ని మూయాల్సిందే. ఇంటి ముందు వీధి తిన్నగా ఉండటం కూడా మగ్గం అవసరమే. పడుగు చాచి గంజి పెట్టాలంటే ఇంట్లో చోటు చాలదు, వీధి కావాలి. ఈ వరసను ఏ ఇంజనీరూ గీయలేదు. నూలు పొడవు, దూలం పొడవు కలిసి గీశాయి.

1938లో మాచాని సోమప్ప ఈ ఊర్లో చేనేత సహకార సంఘం పెట్టారు. నూలు ఇచ్చి గుడ్డ తీసుకునే సంఘం వచ్చాక షావుకారు అప్పు కింద నలిగిన ఇళ్లకు ఊపిరాడింది. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఎమ్మిగనూరు దుప్పట్లు, తువాళ్లు దూరదేశాలు వెళ్లాయి. తర్వాత మరమగ్గాలు వచ్చాయి, గుంతలు పూడాయి. తూర్పింటి గుంత మీద ఇప్పుడు బండలు పరిచి ఉన్నాయి.

పొరుగున ఆదోని కొండ మీది గోడలకు చరిత్రలో చోటుంది. సిద్ది మసూద్ ఖాన్ ఏలుబడి, ఆయన కట్టించిన జామియా మసీదు, 1786లో టిప్పు సుల్తాన్ ముట్టడి అందులో ఉన్నాయి. 1871కల్లా మద్రాసు రైలు ఆదోని మీదుగా రాయచూరు చేరి బొంబాయి లైనుతో కలిసింది. ఆదోని దూదికి దారి దొరికింది. రైలు దారినే ఇనుప గర్డర్లు, ఆ తర్వాత సిమెంటు వచ్చాయి. ఇక పాత కట్టడాల రక్షణకు వస్తే, 1958 నాటి కేంద్ర చట్టం వందేళ్లు దాటిన కట్టడాన్ని కాపాడే వీలిచ్చింది. 2010 సవరణ అలా రక్షణ పొందిన కట్టడం చుట్టూ వంద మీటర్ల దాకా కొత్త కట్టుబడిని నిషేధించింది. ఆ చట్టం చూపు కోటల మీద, గుళ్ల మీద, మసీదుల మీద పడినంతగా మామూలు మనుషుల ఇళ్ల వరసల మీద పడలేదు.

వేరేచోట అలాంటి ఇళ్ల మీద కూడా చూపు పడింది. ఇంగ్లండులోని బాత్ నగరంలో 1767–1774 మధ్య కట్టిన రాయల్ క్రెసెంట్‌లో ముప్పై ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని చంద్రవంకలా ఉంటాయి. ముందు వైపు ఒక్కటే నమూనా, వెనక ఎవరి ఇల్లు వాళ్లిష్టం. అక్కడ 1970లలో ఒకావిడ తలుపుకు పసుపు రంగు వేస్తే నగరపాలక సంస్థ అభ్యంతరం చెప్పింది, చివరకు ఆమే గెలిచారు. ఒక తలుపు రంగు గురించి అంత వాదన జరిగిందంటే ఆ వరసను వాళ్లు ఒకే కట్టడంగా చూస్తున్నారన్నమాట! ఫ్రాన్సులోని లియోన్‌లో పట్టు నేతగాళ్ల ఇళ్లకు, జకార్డు మగ్గం పట్టేలా, నాలుగు మీటర్ల ఎత్తు పైకప్పులున్నాయి. ఆ ఇళ్లున్న క్రువా-రూస్ వాలు 1998లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. మన అహ్మదాబాదులో పోళ్లు అనే పాత వాడలు, గోడకు గోడ కలిసిన ఇళ్లతో సహా, 2017లో ఎక్కాయి. లియోన్ ఇల్లు మగ్గం కొలతకు లేచింది, ఎమ్మిగనూరు మిద్దె కూడా మగ్గం కొలతకే లేచింది.

నిరుడు పడమటి ఇంటివాళ్లు మిద్దె పీకేశారు. దూలం కొసలు రంపంతో కోశారు, గోడ తలలో వాటి గుంతలు మాత్రం మిగిలాయి. అటు నుంచి పడే బరువు పోయింది, ఇటు నుంచి పడేది మిగిలింది. తూర్పు ముఖాన గూటి పక్కన సన్నటి పగులు లేచింది. కాంక్రీటు స్తంభాల కోసం ఈ గోడలో సగం మందం తమదని కొలిచారు. కాగితం మీద ఆ కొలత సరైనదే. కానీ సగం చెక్కితే నడుమ పట్టిన పొడవాటి రాళ్లు తెగుతాయి, మిగిలిన సగం తనంతట నిలవదు. వరసలో ఒక ఇల్లు కూలగొట్టడానికి అనుమతి ఇచ్చేటప్పుడు పక్కింటి దూలం దేని మీద ఆనిందో కూడా చూడాలి. ఈ వీధిలో మిగిలిన మిద్దెలకు కావలసిన మొదటి రక్షణ అదే. దానికి వారసత్వ బోర్డులు అక్కర్లేదు. కూల్చకముందే ఏ గోడ ఎవరి బరువు మోస్తోందో కొలిచి, గీసి పెట్టుకుంటే చాలు.

తూర్పింటి పెద్దాయన మేస్త్రీని పిలిపించాడు. పడమటి పునాది తవ్వకముందే తన దూలాల కింద నిలువు కర్రలు పెట్టించాలని, గోడలో ఒక్క రాయి కూడా లాగకూడదని రెండిళ్ల వాళ్ల ముందే చెప్పాడు. కర్రలు సోమవారం వస్తాయి.