ఆకులున్న చెట్టు

మా బాబాయి నీటిపారుదల శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాడు. ఆయన ఎక్కని కట్ట లేదు, దిగని తూము లేదు. చెరువు కనిపిస్తే అలుగు పొడవెంత, ఆయకట్టు ఎన్ని ఎకరాలు అని లెక్కలు కట్టేవాడే గానీ, ఆ నీళ్ళమీద ఏవో తేలుతున్నాయని ఏనాడూ పట్టించుకున్న మనిషి కాదు. రిటైరైన ఆర్నెల్లకు ఎవరో ఆయనకు బైనాక్యులర్స్ బహుమతి ఇచ్చారు. ఎవరో తెలిస్తే వాళ్ళతో నాకు కాస్త పనుంది.

ఇలాంటాయన మీ చుట్టాల్లోనూ ఒకరు ఉండే ఉంటారు. బురదరంగు చొక్కా, లెక్కలేనన్ని జేబుల కోటు, గడ్డం కింద తాడు కట్టిన టోపీ. ఎండాకాలమంతా మామూలుగానే ఉంటారు. వలస పిట్టలు దిగే వేళకు వీళ్ళకూ రెక్కలొస్తాయి. "ఆదివారం ఏం పని?" అని ఫోనొస్తే, "ఏం లేదు" అనకూడదు. నేను అన్నాను.

జనవరిలో ఆదివారం, తెల్లవారుజామున మూడున్నరకు వీధిలో హారన్ మోగింది. పోచారం వెళ్ళాలి. మెదక్ దాటాక పదిహేను కిలోమీటర్లు, అడవీ చెరువూ రెండూ ఉన్న చోటు. రెండు బళ్ళలో పదకొండు మందిమి. నేను ఎర్ర స్వెట్టరు వేసుకుని దిగాను.

"ఒరేయ్, పిట్టల్ని చూడ్డానికొస్తున్నావా, పెళ్ళికొస్తున్నావా?" అని దాన్ని అక్కడికక్కడే విప్పించి, డిక్కీలోంచి తన పాత ఖాకీ చొక్కా తీసిచ్చాడు. ఆ చొక్కాకి పై రెండు గుండీలు లేవు.

దారిపొడుగునా పాఠం. ఇండియన్ పిట్టా అని ఒక పక్షి ఉందట, ఒంటినిండా రంగులట, దాని శాస్త్రీయ నామంలోని 'పిట్టా' మన తెలుగు పిట్టేనట, 1816లోనే ఒక ఫ్రెంచాయన ఆ పేరు ఖాయం చేశాడట. మొదటిసారి విన్నప్పుడు నాకూ ఛాతీ ఉప్పొంగింది. నర్సాపూర్ దాటాక నాలుగోసారి విన్నప్పుడు మాత్రం ఆ ఫ్రెంచాయన ఇంకేదైనా భాష చూసుకుని ఉంటే బాగుండేదనిపించింది.

అడవిలో నోరు విప్పకూడదు. ఈ నియమం బాబాయికి తప్ప అందరికీ వర్తిస్తుంది. ఆయన ప్రతి పది అడుగులకూ వెనక్కి తిరిగి "ష్!" అంటాడు. మా మాటలకు లేచిపోయిన పిట్టలకంటే ఆ ష్‌కి లేచిపోయినవే ఎక్కువ. దానికితోడు జేబుల్లో ఏ పుస్తకం ఎక్కడుందో వెతుక్కుంటూ జిప్పులన్నీ బర్రు బర్రుమని లాగుతుంటాడు. ఒక వడ్రంగి పిట్ట చెట్టు కొట్టడం ఆపి మరీ ఆయన వైపు చూసింది. నేను పూర్తిగా చూసిన మొదటి పిట్ట అదే.

ఇంతలో బాబాయి రాయిలా బిగుసుకుపోయాడు. చెయ్యి మాత్రం వెనక్కి చాపి నన్ను పిలిచాడు.

"గ్రీనిష్ వార్బ్లర్. కనిపించిందా?"

"ఎక్కడ బాబాయ్?"

"ఆ చెట్టుమీద."

"ఏ చెట్టు?"

"అదిగో, ఆకులున్న చెట్టు."

అడవిలో ఉన్నాం. ఆ మాటే అంటే కోపం తెచ్చుకుని, "మోదుగ పక్కది చూడు. గడియారంలో రెండు గంటలెక్కడుంటుందో అక్కడ కొమ్మ. దానికి చిన్న పంగ. పంగకు జానెడు పైన" అన్నాడు. అరవయ్యేళ్ళు దాటిన మనిషి కొలతలన్నీ ఎస్టిమేటు రాసినట్టే చెబుతాడు. కాకపోతే ఆ ఎస్టిమేటు వేసినంతసేపు పిట్ట కూర్చోదు కదా. అది పది గ్రాములు కూడా తూగదు, ఆకురంగులోనే ఉంటుంది. హిమాలయాల వైపునుంచి ఇంత దూరం ఎగిరొచ్చింది ఇలా ఆకుల వెనక దాక్కోడానికేనా అని నాకు ఏడుపొచ్చింది. బైనాక్యులర్స్‌లోంచి నాకు కనిపించినవి వరసగా: మబ్బు, ఒక ఆకు, మా బృందంలో ఉన్న బ్యాంకు మేనేజరుగారి చెవి.

"కనిపించిందా? కంటిమీద లేత పట్టీ, రెక్కమీద సన్న గీత?"

వెనక తొమ్మిది మంది వరసలో ఉన్నారు. టిఫిన్ డబ్బాలు బండిలో ఉన్నాయి. నేను చూసేదాకా ఆయన కదలడు.

"ఆఁ, కనిపించింది. గీత కూడా" అన్నాను.

బాబాయి మొహం వెలిగిపోయింది. నాకు కరచాలనం చేశాడు. "వీడికి లైఫర్!" అని అందరికీ ప్రకటించాడు. జీవితంలో మొదటిసారి చూసిన పిట్టను అలా అంటారట. నా తర్వాత వచ్చిన తొమ్మిది మందీ కూడా క్షణాల్లో చూసేశారు. నాకప్పుడు కొంచెం అనుమానం వచ్చింది.

చెరువు దగ్గర కథ వేరు. 1922లో నిజాం కాలంలో కట్టిన ఆ చెరువు కట్ట ఎక్కగానే బాబాయి అలవాటుగా అలుగు వైపే చూశాడు. తర్వాతే పిట్టలు. తలమీద రెండు నల్ల పట్టీలతో బార్ హెడెడ్ గూస్‌లు గట్టున బారులు తీరి ఉన్నాయి. హిమాలయాల మీదుగా ఎగిరొచ్చే బాతులివి. వాటిని పది పదిగా లెక్కపెట్టి బాబాయి నూట నలభై అన్నాడు, మేనేజరుగారు నూట అరవై అన్నారు. ఈ ఇరవై బాతుల కోసం ఇద్దరూ ఇడ్లీలు చల్లారేదాకా వాదించుకున్నారు. మధ్యలో సలీం అలీ 1931-32లో హైదరాబాదు రాజ్యమంతా తిరిగి చేసిన సర్వే కూడా వచ్చింది. ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు.

ఇటుకరంగు బాతుల జంట ఒకటి కనిపించింది. రడ్డీ షెల్‌డక్. మన చక్రవాకాలు ఇవేనట. ప్రబంధాల్లో జక్కవల్ని కవులు ఎక్కడెక్కడికి లాక్కొచ్చారో నాకు గుర్తొచ్చింది గానీ, బాబాయి ముందు అనే మాట కాదు. రాత్రంతా ఎడబాటుతో కుమిలిపోవాల్సినవి, పట్టపగలే ఒకదానికొకటి వీపు చూపించి హాయిగా మేస్తున్నాయి.

అప్పుడే ఒక మేకల పిల్లాడు వచ్చి నిలబడ్డాడు. బాబాయి వాదన ఆపేసి, స్టాండు మూడు కాళ్ళూ ఒక్కొక్కటే మడిచి, టెలిస్కోపును వాడి కళ్ళ ఎత్తుకు దించాడు. మోకాళ్ళ నొప్పి మనిషి, నేలమీద కూలబడి మరీ ఫోకస్ సరిచేశాడు. వాడు చూసి, "గీ బాతులా సార్, సలికాలం రోజూ ఉంటయి" అన్నాడు. ఇంత చిన్నబోయిన మొహంతో అంత సంతోషంగా ఉన్న మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

సాయంత్రం ఆయన ఈబర్డ్‌లో పెట్టిన జాబితాలో అరవై ఒక్క రకాలున్నాయి. నేను నిజంగా చూసినవి తొమ్మిది, అందులో ఒకటి కాకి.

ఆ తర్వాతి ఆదివారం మా డాబామీద బట్టలు తీస్తుంటే, పక్కింటి వేపచెట్టులోంచి సన్నగా "చిస్‌వీ" అని వినిపించింది. చూస్తే అదే. పట్టీ, గీత, అన్నీ. నిజంగా చూశాను. బకెట్టు అక్కడే పడేసి మా ఆవిణ్ణి కేకేశాను. "ష్! అదిగో, ఆకులున్న కొమ్మ. రెండు గంటలకి. కనిపించిందా?"

"ఆఁ, కనిపించింది, ఎంత బాగుందో" అంది.

తను చూస్తున్నది కొబ్బరిచెట్టు వైపు.