సైలెన్సర్‌కూ అడ్తిదారే

ఎనుమాముల మార్కెట్లో ధర తెలుసుకోవాలంటే రెండు దారులు. ఒకటి, పొద్దున్నే జెండా పాట కాడ నిలబడి చెవులు రిక్కించడం. రెండోది, అన్నను అడగడం. జెండా పాట పత్తికీ మిర్చికీ మాత్రమే. అన్న అన్నింటికీ పాడతాడు: ఇంటర్ సీటుకు, ఇంటి ఇసుకకు, పెండ్లి బ్యాండుకు, పంటి డాక్టరుకు.

ఆయనకు పేరుంది గానీ ఎవరూ వాడరు. అందరికీ అన్నే. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు ఫోన్లు. ఏం పని చేస్తాడో చెప్పడం మాత్రం కష్టం. అడ్తి లైసెన్సు లేదు, ఖరీదుదారు కాదు, దడ్వాయి కాదు, హమాలీ అసలే కాదు. కానీ ఈ నలుగురూ కూర్చున్న బల్ల మీద అయిదో చాయ్ గ్లాసు ఎప్పుడూ ఆయనదే. ఎవరేం కొనబోయినా ఆయన నోట వచ్చేది ఒక్కటే మాట: "ఆగు, మనోడున్నడు."

ఇందులో ఆయన తప్పేం లేదు. ఆసియాలోనే రెండో పెద్దదని పేరున్న యార్డు పక్కన పుట్టి పెరిగాడు. ఇక్కడ రైతు బస్తా దింపితే అమ్మిపెట్టేందుకు అడ్తిదారు కావాలి, తూకానికి దడ్వాయి కావాలి, మోయడానికి హమాలీ కావాలి, కింద పడ్డది ఊడ్వడానికి చాటకూలీ కావాలి. అమ్మేవాడికీ కొనేవాడికీ నడుమ ఇంతమంది నిలబడి ఉండగా చూస్తూ పెరిగిన మనిషికి, నడుమ ఎవరూ లేకుండా వస్తువు చేతులు మారుతుందంటే నమ్మకం ఎట్లా కుదురుతుంది? షాపుకు పోయి, ధర అడిగి, పైసలిచ్చి, తెచ్చుకోవడాన్ని అన్న కొనడం అనడు. మునగడం అంటాడు.

మొన్నటి మిర్చి సీజన్లో అన్నకు ఒక సైలెన్సర్ దొరికింది.

యార్డు గేటు ముందర గోనె సంచులూ పట్టాలూ అమ్మే తమ్ముడొకడున్నాడు. వాడిది పాత మారుతి ఓమ్ని వ్యాను, ఇంకా ఏపీ 36 నంబరే. కంపెనీ ఆ వ్యాన్ల తయారీని 2019లోనే ఆపేసింది. సినిమాల్లో హీరోయిన్‌ను ఎత్తుకుపోయే పని కూడా ఇప్పుడు పెద్ద పెద్ద కార్లకే ఇస్తున్నారు. తమ్ముడి వ్యాను మాత్రం కాశిబుగ్గ నుంచి గేటుకు, గేటు నుంచి కాశిబుగ్గకు తిరుగుతూనే ఉంది. ఆ దగ్గరి తిరుగుడే దాని సైలెన్సర్‌ను తినేసింది. పెట్రోలు మండినప్పుడు పొగతో పాటు నీటి ఆవిరీ పుడుతుంది. దూరం పోయే బండిలో డబ్బా బాగా కాగి ఆ తడంతా బయటికి పోతుంది. డబ్బా వేడెక్కేలోపే ఆగిపోయే బండిలో ఆ నీరు అడుగున నిలిచి లోపలి నుంచి తుప్పు పెడుతుంది. పైన రంగు బాగానే కనిపిస్తుంది. ఒకనాడు పొద్దున తాళం తిప్పితే వ్యాను ట్రాక్టర్ గొంతుతో లేస్తుంది.

అట్లాగే లేచింది. రాత్రే వచ్చి బస్తాల మీద పండుకున్న రైతులు ఉలిక్కిపడి లేచి, కాంటా మొదలైందనుకొని తువ్వాళ్లు దులుపుకున్నారు. మిర్చి ఘాటుకు యార్డంతా ఎట్లాగూ దగ్గుతుంది కనుక వ్యాను పొగకు దగ్గిందెవరో తేలలేదు గానీ, చప్పుడును దాచే వీల్లేదు. పైగా బండికి పదిహేనేండ్లు నిండాయి. రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి, అన్నిటికన్నా ముందు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఎదుట బండి నిలబెట్టాలి.

తమ్ముడు బండిని మిస్త్రీ షెడ్డుకు తెచ్చాడు. మిస్త్రీ కింద దూరకముందే అన్న దిగాడు.

"ఏంది తమ్మీ, సైలెన్సరా? కొత్తది కొనకు. వెల్డింగుల మనోడున్నడు. నా పేరు చెప్పు, పైసలు గూడ తీస్కోడు."

నిజంగానే తీసుకోలేదు, పట్టీ అతుక్కుంటే కదా తీసుకోవడానికి! తుప్పుకు పలచబడ్డ రేకుకు వెల్డింగ్ మంట తగిలితే అది అతకదు, కరిగి ఊడుతుంది. వేలు పట్టే బొక్క కాస్తా పిడికిలి పట్టేంతయింది. అన్న తొణకలేదు. "మనోని చెయ్యి మంచిదే. నీ రేకే మంచిగ లేదు."

రెండో మనోడు లోకల్ సైలెన్సర్లు అమ్ముతాడు. "కంపెనీ ధరల సగానికిస్తడు" అన్నాడు అన్న. జెండా పాట సంగతి తెలిసినవాళ్లకు ఈ ధర సంగతీ తెలుసు. ఆనాడు వచ్చిన సరుకులో మేలైన దానికి పలికిన ధర జెండా పాట. పేపర్లో పడేది అదే. ఎక్కువ బస్తాలు అంతకన్నా కిందనే పోతాయని రైతుకు లెక్క రాసిన తక్‌పట్టీ చేతికొచ్చాక తెలుస్తుంది. అన్న పాట దీనికి తలకిందులు. సగం అన్న ధర షాపు మెట్లెక్కేసరికి ముప్పావలా అయింది, గ్యాస్కెట్ వేరే, క్లాంపులు వేరే, వేలాడదీసే రబ్బర్లు వేరే అనేసరికి రూపాయి నిండింది.

అక్కడ అన్న తన విద్య కూడా చూపించాడు. పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం ఆయన జేబులో ఎప్పుడూ ఉంటుంది. షాపువాడు పక్కనున్న ఖరీదైన డబ్బాను స్టెయిన్‌లెస్ అన్నాడు. అన్న అయస్కాంతం పెట్టాడు, అది టక్కున అంటుకుంది. "సూసినవా తమ్మీ, మోసం! స్టీలుకు మ్యాగ్నెట్ అంటుతదా?"

వెంట వచ్చిన మిస్త్రీ నెమ్మదిగా అన్నాడు: "అంటుతదన్నా. వంటింటి గిన్నెల స్టీలు వేరే, దాంట్ల నికెల్ ఉంటది గనుక అంటదు. సైలెన్సర్లకు వాడేది 409 రకం. దాంట్ల క్రోమియం పదకొండు శాతం దాకుంటది, నికెల్ ఉండనట్టే. అది స్టెయిన్‌లెస్సే, మ్యాగ్నెట్ కూడ అంటుతది."

అన్న అయస్కాంతాన్ని జేబులో వేసుకున్నాడు. "నాకెరుకే. నీకెరుకనా కాదా అని సూసిన."

మూడో మనోడు అసలు సిసలు మనోడు. కొత్త సైలెన్సర్ ఊరికే బిగిస్తానన్నాడు, పాతదంతా, ముందరి డబ్బాతో సహా, తనకిస్తే చాలట. అన్న ముఖం వెలిగిపోయింది. ఇన్నేండ్ల "మనోడున్నడు" వ్యవసాయానికి ఇదీ దిగుబడి! తమ్ముడు తాళం ఇవ్వబోతుంటే మిస్త్రీ అడ్డం పడ్డాడు. ఆ ముందరి డబ్బా క్యాటలిటిక్ కన్వర్టర్. పొగలోని విషాన్ని విరిచే ఆ జల్లెడకు ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. దాన్ని కొనేవాళ్లున్నారు కనుకే మనోడు ధర్మాత్ముడయ్యాడు. అది లేని బండి పొల్యూషన్ పరీక్షలో తప్పితే మళ్లీ కొనాల్సింది తమ్ముడే.

"పోనీ, పోరగాండ్లు పెట్టుకునే సౌండ్ పైపు ఏపిస్తా, మనోడు..." అని అన్న మొదలుపెట్టాడు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద చప్పుడుకైనా పొగకైనా పది వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చని మిస్త్రీ గుర్తుచేశాడు. "ట్రాఫిక్‌ల గూడ మనోడున్నడు" అన్నాడు అన్న. అయితే గొంతు కొంచెం తగ్గింది.

ఆ పొద్దు మిస్త్రీ వ్యాను కింద దూరి లేచి తమ్ముడిని పక్కకు పిలిచాడు. ఓమ్నికి ఇంజన్ ముందర సీట్ల కిందనే ఉంటుంది. వెనక డబ్బా పగిలితే చెవులకే నష్టం. ముందర పైపు అతుకు కాడ లీకయితే పొగ నేరుగా కూర్చున్నవాడి ముక్కులోకే. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు, దగ్గు కూడా రాదు. "గ్యాస్కెట్ కాలిపోయింది తమ్మీ. ఇగ మనోళ్లు సాలు. బండి మోడలు, సంవత్సరం రాసిస్త. కన్వర్టర్‌ను ముట్టొద్దు. ఎనక డబ్బా, గ్యాస్కెట్, రబ్బర్లు బిల్లుతోని తే."

అన్న చుట్టాల పెండ్లికి పోయిన నాడు తమ్ముడు స్పేర్‌పార్టుల షాపుకు ఒక్కడే పోయాడు. చీటీ ఇచ్చాడు, ధర అడిగాడు, కొంత తగ్గించమన్నాడు, కొంత తగ్గించారు, బిల్లు రాశారు. మధ్యాహ్నానికి వ్యాను గొంతు మళ్లీ వ్యాను గొంతయింది.

తెల్లారి అన్న బిల్లును వెలుతురుకు పట్టి చూశాడు.

"నా పేరు చెప్పినవా?"

"లేదన్నా."

"చెప్పకున్నా గీ ధరకిచ్చిండంటే... నువ్వు నా మనిషివని ఆనికి తెల్సినట్టే ఉన్నది."

ఇంత జరిగినా అన్నను ఎవరూ కాదనరు. ఒక రాత్రి హమాలీ ఒకాయనకు ఛాతీ నొప్పి వస్తే ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపోయింది అన్నే. "అక్కడ మనోడున్నడు" అంటూనే ఆటో ఎక్కించాడు. తీరా పోతే మనోడెవరూ లేడు. తెల్లార్లూ వరండాలో తానే మనోడై కూర్చున్నాడు. పైసా కమీషన్ లేకుండా ఊరందరికీ అడ్తి నడిపే మనిషిని ఏమని తిడతాం?

ఆయన స్కూటర్ సైలెన్సర్ మాత్రం చాలా కాలంగా బైండింగ్ వైరు మీదే వేలాడుతోంది. ఎందుకు మార్చవని అడిగితే నిట్టూరుస్తాడు. సైలెన్సర్లు అమ్మే మనోళ్లు నలుగురున్నారట. ఒకరి దగ్గర కొంటే ముగ్గురు నొచ్చుకుంటారట. ఊరందరికీ పలుకుబడి పంచేవాడు తన కోసం ఒక్క పైసంత పలుకుబడి కూడా ఖర్చు పెట్టలేడు.

అది విని తమ్ముడికి జాలేసింది. "అన్నా, స్పేర్‌పార్టుల షాపుల నాకు మనోడున్నడు. పోయి నా పేరు చెప్పు."

అన్న స్కూటర్ స్టాండు తీయబోయి ఆగాడు. "ఎంతకిస్తడు?"

"కంపెనీ ధరల సగానికి."