మంచం దిగొస్తేనే మంచం పింఛను

పూర్తిగా మంచానికే పరిమితమైన మనిషికి ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. కావలసింది ఒక్క సర్టిఫికెట్. దానికోసం ఆయన మంచం దిగి, ఆటో ఎక్కి, ఏరియా ఆసుపత్రికి చేరి, వరుసలో నిలబడి, తాను నిలబడలేనని డాక్టరుకు చూపించుకోవాలి. చూపించుకోగలిగితే అనుమానం, చూపించుకోలేకపోతే గైరుహాజరు.

ఈ తతంగాన్ని మనవాళ్లు సదరం అంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 2010లో మొదలైంది. డాక్టరు కొలతలు వేస్తే కంప్యూటరు శాతం తేలుస్తుంది. 40 వస్తే వికలాంగుల పింఛనుకు అర్హుడు, 39 వస్తే ఇంటికి. అందుకే మా వైపు పిల్లల పదో తరగతి ఫలితాల రోజున కంటే సదరం క్యాంపు మర్నాడే ‘ఎంతొచ్చింది?’ అన్న మాట ఎక్కువ వినిపిస్తుంది. కాకపోతే ఇక్కడ ఎక్కువ మార్కులొచ్చినవాడికి స్వీట్లు పంచాలో, కళ్లు తుడుచుకోవాలో తెలియదు.

క్యాంపుకి ముందు స్లాట్ ఉంటుంది. స్లాట్లు ఎప్పుడు తెరుస్తారో మీసేవ వాళ్లకీ సచివాలయం వాళ్లకీ తెలుస్తుంది, ఎప్పుడు అయిపోయాయో మనకు తెలుస్తుంది. సరే, అదృష్టం బాగుండి దొరికిందే అనుకోండి. పక్షవాతంతో పడిపోయిన భర్త తరఫున ఓ ఇల్లాలు సచివాలయానికి వెళితే సంభాషణ ఏ ఊళ్లోనైనా దాదాపు ఇలాగే నడుస్తుంది.

“బాబూ, ఆయన పక్క మీద నుంచి లేవలేరు. డాక్టరుగారినే ఓసారి ఇటు పంపించరాదూ?”

“డాక్టరుగారు ఇళ్లకెలా వస్తారు పిన్నిగారూ! స్లాట్ వచ్చిందిగా, తీసుకొచ్చెయ్యండి.”

“తీసుకురాలేకే కదా నాయనా అడుగుతున్నాను.”

“అయితే కదల్లేరని డాక్టరుగారి చేత రాయించుకు రండి, పైకి పంపిస్తాను.”

“ఏ డాక్టరుగారి చేత?”

“క్యాంపులో ఉంటారుగా, ఆయన చేతే.”

ఆ కుర్రాణ్ణి తప్పుపట్టకండి. అతని తెరమీద ‘ఇంటికి వచ్చి చూడాలి’ అనే గడి లేదు. గడి లేని కష్టం సర్కారు లెక్కలో కష్టం కాదు.

పాపం, సర్కారుకి మన ఇళ్లకు దారి తెలియక ఈ ఇబ్బంది అనుకుందామా? దారి దానికి తెలిసినంతగా పోస్ట్‌మ్యాన్‌కి కూడా తెలియదు. పింఛను డబ్బు 2020 ఫిబ్రవరి నుంచి గుమ్మంలోకే వస్తోంది. ప్రభుత్వం మారింది, పథకం పేరు మారింది, వాలంటీరు పోయి సచివాలయ ఉద్యోగి వచ్చాడు. ఒకటో తారీఖు తెల్లారగట్ల తలుపు చప్పుడు మాత్రం మారలేదు. 65 ఏళ్లు దాటినవాళ్లకీ వికలాంగులకీ రేషన్ కూడా ఇంటికే అన్నారు.

ఇక ఓటు సంగతి చూడండి. 2024 ఎన్నికల్లో 85 దాటినవాళ్లూ, 40 శాతం వైకల్యం ఉన్నవాళ్లూ 12డి అనే ఫారం నింపితే చాలు, పోలింగ్ బృందమే మంచం దగ్గరికి వచ్చింది. అధికారులు, పోలీసు, వీడియో తీసే మనిషి, రహస్యంగా ఓటు వేయడానికి అట్ట అడ్డం. మొదటిసారి వచ్చినప్పుడు ఇంట్లో లేకపోతే రెండోసారి కూడా వస్తారు. ఆ మర్యాద చూస్తే మంచం పట్టడం కూడా ఒక హోదాయేనేమో అనిపిస్తుంది. 85 దాటనివాళ్లకు ఆ హోదా దక్కాలంటే మాత్రం 40 శాతం సర్టిఫికెట్ ఉండాలి, దానికోసం ముందు క్యాంపుకి వెళ్లి ఉండాలి.

మరి డాక్టర్లే ఇళ్లకు రాలేరా అంటే, అదీ అబద్ధమే. 2025 జనవరిలో వచ్చారు! 15,000 తీసుకుంటున్నవాళ్ల ఇళ్లకు వైద్య బృందాలు బయల్దేరాయి. ఎందుకయ్యా అంటే, వీళ్లు నిజంగా మంచంలోనే ఉన్నారా లేదా తనిఖీ చేయడానికి. ఇవ్వడానికి దొరకని డాక్టరు, ఇచ్చినది ఉంచాలో తీసేయాలో తేల్చడానికి దొరికాడు. మిగతా వికలాంగులను ఎప్పటిలాగే ఆసుపత్రులకు పిలిచారు. ఆ ఏడాది ఆగస్టులో శాతం తగ్గిందంటూ నోటీసులు వెళ్లాయి. ఏళ్ల తరబడి ఉన్న వైకల్యం ఒక్క పరీక్షతో నయమైపోయిన వైనం చూసి వైద్యలోకం ఎందుకు నివ్వెరపోలేదో నాకిప్పటికీ అర్థం కాదు. ఒప్పుకోనివాళ్లు అప్పీలు చేసుకోవచ్చన్నారు. అప్పీలంటే మళ్లీ ఆసుపత్రే.

దొంగ సర్టిఫికెట్లు లేవని నేననను. ఉన్నాయి, వాటికి ఏజెంట్లూ ఉన్నారు. కానీ ఒక్క మాట. క్యాంపుకి రావడమే పరీక్ష అయితే ఆ పరీక్షలో మొదట నెగ్గేది దొంగే. వాడు స్లాట్ టైముకి పది నిమిషాల ముందే బైకు మీద వచ్చి, గేటు దగ్గర టీ తాగి, లోపలికి వెళ్లేటప్పుడు కుంటుతాడు. నిజమైనవాణ్ణి నలుగురు మోసుకొచ్చేసరికి డాక్టరుగారు భోజనానికి లేస్తారు. ఇంటికెళ్లి చూస్తే దొంగ దొరికిపోతాడు. ఆ సంగతి 2025 జనవరిలో సర్కారే ఒప్పుకున్నట్టయింది కదా!

చట్టం సంగతా? 2016 వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్, వైద్యం దగ్గర్లోనే అందాలనీ, ఆసుపత్రుల్లో ఏ మూలకైనా అడ్డంకి లేకుండా వెళ్లగలగాలనీ చెబుతుంది. చట్టం బాగుంది. ర్యాంపు ఉన్నచోట దానిమీద డాక్టర్ల స్కూటర్లు కూడా బాగున్నాయి.

ఇంతకీ డాక్టరు ఇంటికి రావడానికి అమల్లో ఉన్న పద్ధతి ఒకటుంది. సోమవారం నాడు మనిషిని కలెక్టరేటుకు మోసుకెళ్లాలి. గేటు దగ్గర దింపాలి. విలేకరి ఫొటో తీయాలి. అది మర్నాడు జిల్లా పేజీలో పడాలి. కలెక్టరుగారి మనసు కరిగితే సాయంత్రానికి డాక్టరు కదులుతాడు. అంటే డాక్టరు మన ఇంటికి రావడానికి మనం ముందు కలెక్టరు ఆఫీసుకి వెళ్లాలన్నమాట, అదీ పడుకుని.

అయ్యా, మంత్రివర్యులారా! కొత్త పథకం అక్కర్లేదు. ఆ 12డి లాంటి కాగితం సదరానికీ ఒకటి అచ్చు వేయించండి. ఆశా కార్యకర్తో, పీహెచ్‌సీ డాక్టరో ‘ఈ మనిషి కదల్లేడు’ అని సంతకం పెడితే, ఫలానా గడువులోగా సదరం బృందమే ఇంటికి వెళ్లాలని జీవో ఇవ్వండి. బండి ఉంది, డాక్టర్లున్నారు, ఇళ్ల అడ్రసులు మీ దగ్గరే ఉన్నాయి. పేరు మీ ఇష్టం, ఏ నాయకుడి పేరు పెట్టుకున్నా మాకేమీ అభ్యంతరం లేదు.