ఇంటికెళ్లి ఉత్తరం రాస్తాం

పెళ్లిళ్ల పేరయ్య దేనికీ జంకే మనిషి కాదు. కట్నకానుకల దగ్గర తేడా వస్తే నచ్చజెప్పేవాడు. జాతకాలు కుదరకపోతే సిద్ధాంతినే మార్చేసేవాడు. అబ్బాయికి బట్టతల ఉంటే దాన్ని తెలివితేటల ఖాతాలో రాసేసేవాడు. ఆయన గుండె జారేది ఒక్క మాటకే. మగపెళ్లివారు ఉప్మా తిని, కాఫీ తాగి, పిల్లచేత ఓ కీర్తన పాడించుకుని, గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ "ఇంటికెళ్లి ఉత్తరం రాస్తామండీ" అనేవారు చూడండి, ఆ మాటకి. ఆ ఉత్తరం రాదు. రాదని వాళ్లకి తెలుసు, వీళ్లకి తెలుసు, పోస్టుమ్యాన్‌కి కూడా తెలుసు.

2025 నవంబర్ 20, గురువారం నాడు, ఆ మాటకు రాజ్యాంగ హోదా దక్కింది.

శాసనసభ పంపిన బిల్లును గవర్నర్ ఇన్నాళ్లలో తేల్చాలని కోర్టులు గడువు పెట్టకూడదట. రాష్ట్రపతికీ పెట్టకూడదట. ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నారు కదా అని సమ్మతించినట్టే లెక్క వేసుకోవడమూ కుదరదట. రాష్ట్రపతి మే నెలలో అడిగిన 14 ప్రశ్నల మీద సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 111 పేజీల్లో చెప్పిన అభిప్రాయంలో పేరయ్యకు పనికొచ్చే భాగం ఇదీ.

"మరి మౌనం అర్ధాంగీకారం అన్నారు కదయ్యా పెద్దలు?" అన్నాడు ఆడపిల్ల తండ్రి.

"పెద్దలన్నారండీ. పెద్ద కోర్టు కాదంది."

నిజానికి ఏప్రిల్ 8న అదే కోర్టులో జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ ఇంకో అడుగు ముందుకేశారు. తమిళనాడు పిల్లలు పదిమందిని, అంటే పది బిల్లులను, చూసి వాళ్ల గోడు విని, ఆ మౌనం అర్ధాంగీకారం కాదు, పూర్ణాంగీకారమే పొమ్మన్నారు. మూడు నాలుగు రోజుల్లో పది చట్టాలు గెజెట్‌లోకి ఎక్కాయి. గవర్నర్ సంతకం లేదు, రాష్ట్రపతి సంతకం లేదు. ఈ దేశంలో అలాంటి పెళ్లి అంతకుముందు జరగలేదు. ఎనిమిది నెలలు తిరక్కుండానే పెద్ద ధర్మాసనం, ఇలాంటి పెళ్లిళ్లు మన శాస్త్రంలో లేవని తేల్చేసింది.

ఇక్కడ ఆడపిల్ల తండ్రి కష్టం కొంచెం చెప్పుకోవాలి. బిల్లును పెంచి పెద్ద చేయడమంటే మాటలు కాదు. శాఖవాళ్లు ముసాయిదా రాస్తారు. న్యాయశాఖ కామాలు సరిచేస్తుంది. ఆర్థికశాఖ ఖర్చెంతని గొణుగుతుంది. మంత్రివర్గం తలూపుతుంది. సభలో ప్రవేశపెట్టాక క్లాజుల వారీగా చర్చ జరగాలని నిబంధన ఉంది. ఆ చర్చ ఎలా జరుగుతుందో టీవీలో చూసినవారికి తెలుసు. అంకెలు చదివే వేగానికి ఊపిరి తీసుకునే సందు దొరకదు, "అనుకూలంగా ఉన్నవారు అవును అనండి" అనే మాట పూర్తికాకముందే అవునులు అయిపోతాయి, కాదనేవారు అప్పటికే వాకౌట్ చేసి మీడియా పాయింట్ దగ్గర ఉంటారు. తరవాత మండలి. తెలుగువాళ్లకు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. అది మేనత్త ఇల్లు లాంటిది, చెప్పకుండా పెళ్లి చేస్తే అలుగుతుంది. ఆ అలకకు రాజ్యాంగం లెక్క కట్టింది: మొదటిసారి మూడు నెలలు, రెండోసారి ఒక నెల. ఆపైన మేనత్త మూతి ముడుచుకున్నా పెళ్లి ఆగదు.

మేనత్తకు గడువుంది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇన్ని గడపలు దాటి, తల దువ్వించుకుని, పూలు పెట్టించుకుని బిల్లు గవర్నర్ బంగళా హాల్లో చాప మీద కూర్చుంటుంది. 200వ అధికరణ ప్రకారం అవతలివారు చెప్పదగ్గ జవాబులు మూడు. నచ్చింది అనొచ్చు. ఫలానా లోపం ఉంది, సరిచేసి తీసుకురండని చీటీ రాసి తిప్పి పంపొచ్చు. లేదంటే, "ఢిల్లీలో మా పెద్దాయన ఉన్నారు, ఆయన్ని ఒక్కమాట అడగాలి" అనొచ్చు. తిప్పి పంపకుండా ఊరికే వద్దని అటక మీద పెట్టేయడం కుదరదని నవంబర్ ధర్మాసనమే చెప్పింది. అంతవరకు మెచ్చుకోవాలి. కానీ పెళ్లిచూపుల్లో ఆరితేరినవాళ్లు ఈ మూడూ చెప్పరు. నాలుగోది చెబుతారు.

తిప్పి పంపేటప్పుడు "వీలైనంత త్వరగా" పంపాలని రాజ్యాంగంలో ఉంది. ఈ వీలైనంతకు ఒక కథ ఉంది. పార్లమెంటు బిల్లులను రాష్ట్రపతి తిప్పి పంపే నిబంధనకు ముసాయిదాలో ఆరు వారాలని స్పష్టంగా గడువు రాశారు. 1949లో రాజ్యాంగ సభ ఆ ఆరు వారాలు కొట్టేసి, వీలైనంత త్వరగా అని మార్చింది. ఆరు వారాలంటే ఆరో వారం దాకా ఆగుతారేమో, ఇంకా ముందే పంపాలని పెద్దల ఉద్దేశం. ఆ సభలో హెచ్.వి. కామత్ మాత్రం గడువు ఉండాల్సిందేనని వాదించారు. కామత్ అనుమానం మనిషి అనుకున్నారు కాబోలు. ఆయన ఎప్పుడో పెళ్లిచూపుల ఇంట్లో కూర్చుని ఉంటారని ఎవరికీ తట్టలేదు.

ఢిల్లీ పెద్దాయన దగ్గరికి వెళితే లెక్క ఇంకా వింత. 201వ అధికరణ కింద రాష్ట్రపతి ఒక బిల్లును తిప్పి పంపమంటే, రాష్ట్ర శాసనసభ ఆరు నెలల్లోగా మళ్లీ పరిశీలించాలి. అమ్మాయివాళ్లకు ఆరు నెలలని గట్టిగా రాశారు. పెద్దాయనకు మొదటిసారీ గడువు లేదు, రెండోసారీ లేదు. మళ్లీ ఆమోదించి పంపినా ఒప్పుకోవాలన్న నియమమూ లేదు.

తమిళనాడులో ఏం జరిగిందో చూడండి. 2020 జనవరి నుంచి వరసగా వెళ్లిన బిల్లులు రాజ్‌భవన్‌లో పేరుకున్నాయి. ప్రభుత్వం సుప్రీంకోర్టు మెట్లెక్కాక, 2023 నవంబర్ 13న గవర్నర్ రవి పదింటికి సమ్మతి లేదన్నారు. ఐదు రోజులకే శాసనసభ ప్రత్యేకంగా కూర్చుని ఆ పదింటినీ మళ్లీ ఆమోదించి పంపింది. రెండోసారి వస్తే కాదనడానికి వీల్లేదని రాజ్యాంగంలో ఉంది కదా! కాదనలేదు. నవంబర్ 28న పదింటినీ ఢిల్లీ పెద్దాయనకు పంపేశారు. మూడేళ్లు కాఫీ తాగిన తరవాత పెద్దాయన గుర్తొచ్చారన్నమాట.

తెలంగాణది కూడా ఆ వరసే. 2023లో పది బిల్లుల కోసం ప్రభుత్వమే గవర్నర్ తమిళిసై మీద సుప్రీంకోర్టుకు వెళ్లింది. కేసు విచారణకు వస్తుందనగా కొన్నింటికి సంతకం పడింది, కొన్ని ఢిల్లీ దారి పట్టాయి. పట్టినవాటిలో విశ్వవిద్యాలయాల నియామకాలకు ఉమ్మడి బోర్డు పెట్టే బిల్లు ఒకటి, 2022 సెప్టెంబర్‌లో సభ ఆమోదించింది. వీలైనంత త్వరగా అన్న మాటకు రాజ్యాంగంలో ఎంతో విలువ ఉందని గుర్తుచేసి, 2023 ఏప్రిల్ 24న కోర్టు కేసు ముగించింది. అదే ఏడు ఆగస్టులో ఆర్టీసీ విలీనం బిల్లు వచ్చింది. డబ్బుతో ముడిపడ్డ బిల్లు కనక సభలో పెట్టడానికే గవర్నర్ అనుమతి కావాలి. పెళ్లిచూపులు కాదు, పిల్లకు జడ వేయడానికే పర్మిషన్ అన్నమాట. వివరణలు కావాలని రాజ్‌భవన్ అడిగింది. 43 వేలకు పైగా ఉద్యోగుల బతుకు అది. ఆగస్టు 5 పొద్దున బస్సులు కాసేపు ఆగిపోయాయి, కార్మికులు యూనిఫాంలతోనే రాజ్‌భవన్‌కు నడిచారు. పుదుచ్చేరిలో ఉన్న గవర్నర్ వాళ్ల నాయకులతో వీడియోలో మాట్లాడారు. మర్నాడు ఆదివారం, బిల్లు సభ దాటింది. ఒక్కరోజులో తీరే సందేహాలే అవి.

ఆడపెళ్లివారు అందరూ అమాయకులని కాదు. ఆంధ్రప్రదేశ్ దిశ బిల్లు సంగతి చూడండి. 2019 డిసెంబర్ 13న శాసనసభ ఆమోదించింది. ఏడు రోజుల్లో దర్యాప్తు, 14 రోజుల్లో విచారణ, మొత్తం 21 పనిదినాల్లో తీర్పు అన్నారు. కేంద్ర చట్టాలతో ముడిపడ్డది కాబట్టి ఢిల్లీ వెళ్లక తప్పదు. అటునుంచి కబురు రాకముందే దిశ చట్టం అని శుభలేఖలు పంచారు. దిశ పోలీస్ స్టేషన్లు తెరిచారు, యాప్ తెచ్చారు. ఢిల్లీ నుంచి అభ్యంతరాలొచ్చాయి, మార్చి మళ్లీ ఆమోదించారు, ప్రభుత్వం మారింది, స్టేషన్ల పేర్లూ మారాయి. పిల్ల కాపురానికి వెళ్లిందని ఊరంతా అనుకుంది కానీ అసలు తాళే కట్టలేదు. 21 రోజుల్లో తీర్పు ఇప్పిస్తానన్న బిల్లుకు ఏళ్లు గడిచినా సమ్మతి దొరకలేదు.

పేరయ్య వంతుకు ఒక్క ముక్క న్యాయం కూడా చెప్పాలి. ఉత్తరం రాయకపోవడమే మంచిదైన సందర్భం ఒకటుంది. అది ఉత్తరాల గురించే. జనం ఉత్తరాలను ఆపి చూసే అధికారం ప్రభుత్వానికిచ్చే తపాలా సవరణ బిల్లును 1986లో పార్లమెంటు ఆమోదిస్తే, రాష్ట్రపతి జైల్‌సింగ్ సంతకమూ పెట్టలేదు, తిప్పీ పంపలేదు, పదవి ముగిసేదాకా అలాగే ఉంచారు. చివరికి అది చట్టం కాలేదు. దేశం బతికిపోయింది. అయినా ఆ మంచిపని కూడా ఎందుకు వద్దో నాలుగు వాక్యాలు రాసి చేసి ఉంటే, తరవాతివాళ్లకు మౌనం నేర్పినవారు కాకపోయేవారు.

ఈ రోజుల్లో అమ్మాయిలు ఇలాంటి సంబంధాన్ని గుమ్మంలోంచే సాగనంపుతారు. బిల్లుకు ఆ వీల్లేదు. దానికి దేశం మొత్తం మీద ఉన్నది ఒకటే సంబంధం.

మరీ ఏళ్ల తరబడి కారణం లేకుండా నానిస్తే కోర్టుకు రావొచ్చునని ధర్మాసనం ఒక కిటికీ తెరిచి ఉంచింది. అప్పుడు కోర్టు, తగిన సమయంలో ఏదో ఒకటి చెప్పండని మాత్రం అంటుంది. ఏం చెప్పాలో అనదు. తగిన సమయం ఎంతో కూడా ముందుగా చెప్పదు. ఆడపిల్ల తండ్రి వకీలును పెట్టుకుని, ఏళ్లు వాయిదాలు తిరిగి గెలుచుకొచ్చేది, "ఉత్తరం రాయండి" అని ఇంకో ఉత్తరం.

తీరిక లేక ఆలస్యమవుతోందని ఎవరైనా అంటే, 2019 జనవరి తీయాలి. అగ్రవర్ణ పేదలకు 10 శాతం కోటా. 7వ తేదీ సోమవారం కేంద్ర మంత్రివర్గం, మంగళవారం లోక్‌సభ, బుధవారం రాజ్యసభ, శనివారం రాష్ట్రపతి సంతకం. అది పుష్యమాసం. ముహూర్తాలే ఉండని శూన్యమాసంలో, రాజ్యాంగాన్నే సవరించి, సోమవారం మాట అనుకుని శనివారం తాళి కట్టించారు.

2025 మార్చి 17న తెలంగాణ శాసనసభ రెండు బిల్లులు ఆమోదించింది. చదువుల్లో, ఉద్యోగాల్లో, స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం కోటా. అన్ని పార్టీలూ అవునన్నాయి. మొత్తం రిజర్వేషన్లు 50 శాతం గీత దాటుతాయి కనక ఢిల్లీకి వెళ్లాయి. ఆగస్టు 6న ముఖ్యమంత్రే జంతర్ మంతర్‌లో ధర్నాకు కూర్చున్నారు. సెప్టెంబర్‌లో జీవో ఇస్తే అక్టోబర్ 9న హైకోర్టు ఆపింది. అక్టోబర్ 18న బంద్, దానికీ అన్ని పార్టీల మద్దతు. అందరూ కలిసి ఎవరి మీద బంద్ చేశారో ఆ రోజు మూసిన కిరాణా కొట్టువాడికి ఇప్పటికీ అంతుపట్టలేదు. నవంబర్ 20 గురువారానికి, సభ ఆమోదించి 248 రోజులు. పది శాతం కోటా కూడా 50 గీత దాటిందే. అది పార్లమెంటు చేసిన సవరణ, ఇది రాష్ట్రం పంపిన బిల్లు, రెండూ ఒకటి కావని లాయర్లు అంటారు. కావు. సంతకం పెట్టే బల్ల ఒకటే.

ఇంక పేరయ్య వేషం చాలు. పెళ్లిచూపులన్న పోలికే తప్పు. గవర్నర్ బంగళాలో కూర్చున్నది పెళ్లికొడుకు కాదు. బిల్లు నచ్చిందో లేదో చెప్పాల్సినవాళ్లు ఓట్లేసిన జనం, వాళ్లు తమ మాట ఎమ్మెల్యేల నోట చెప్పించేశారు. గవర్నర్ పురోహితుడు. ముహూర్తానికి మంత్రం చదవాలి. లగ్నంలో దోషం కనిపిస్తే అక్కడికక్కడే నోరు విప్పి చెప్పాలి. పీటల మీద తానే కూర్చుని, పిల్ల నాకు నచ్చాలి కదా అనే పురోహితుణ్ణి ఏ ఊళ్లోనైనా ఏం చేస్తారు? ఇక్కడ మాత్రం ఆయనకు గడియారం చూపించడం మర్యాద కాదని అత్యున్నత న్యాయస్థానం అంటోంది. బిల్లు చెత్తదైతే కొట్టేయడానికి కోర్టులున్నాయి, చేసినవాళ్లను దించడానికి ఓట్లున్నాయి. వద్దనుకుంటే వద్దని రాయండి, కింద సంతకం పెట్టండి, ఆ కాగితాన్ని జనం ముందు పెట్టండి. ఆ ఒక్క కాగితం రాయడానికి ధైర్యం చాలకే కదా ఈ మౌనం! ఐదుగురు న్యాయమూర్తులు గౌరవించమన్నది దీన్నా?

ఆ అభిప్రాయానికి మూడు రోజుల ముందు, నవంబర్ 17 సోమవారం, తెలంగాణ మంత్రివర్గం పంచాయతీ ఎన్నికలకు ఇక ఆగేది లేదని తేల్చింది. సకాలంలో జరపకపోతే కేంద్రం నిధులు పోతాయి మరి, వాటికి మాత్రం గడువుంది. రిజర్వేషన్లు పాతలెక్కే, 50 లోపే. ఈసారి సీటు తనవాళ్లకే వస్తుందని మార్చి నుంచి లెక్కలు వేసుకుంటున్న మనిషి ఒకడు ఏదో పల్లెలో ఉండే ఉంటాడు. ఎవరింట్లో చావైనా పెళ్లైనా ముందు వెళ్లి నిలబడ్డాడు, కులసంఘం పెద్దలను కూడగట్టుకున్నాడు, నామినేషన్ డబ్బు విడిగా తీసి పెట్టాడు. కొత్త జాబితా అతికించాక పంచాయతీ ఆఫీసు గోడ దగ్గరికి వెళ్లి, తన వార్డు నంబరు మీద వేలు పెట్టి, పక్కన ఏం రాసి ఉందో రెండుసార్లు చదువుకుని ఉంటాడు.