శ్రీయుత ‘పైనుంచి’ గారికి

శ్రీయుత ‘పైనుంచి’ గారి సముఖమునకు, నూజివీడు పక్కన మామిడితోటలు గుత్తకు పట్టుకునే ఒక తాత నమస్కరించి రాయునది.

విషయం: బడిని మాటిమాటికీ పెళ్ళగించి నాటుట గురించి.
సూచిక: 1. మా పెద్ద మనవడు. 2. మా చిన్న మనవడు.

ఆర్యా,

తమరి అసలు పేరు తెలియక ఇలా సంబోధిస్తున్నాను, మన్నించాలి. మా పల్లె బడికి వెళ్ళి ఏది అడిగినా పంతులుగారు చూపుడువేలు ఇంటికప్పుకేసి ఎత్తి, “పైనుంచి వచ్చిందండీ” అంటారు. మండలంలో అడిగితే వాళ్ళ వేలూ పైకే లేస్తుంది. జిల్లాలో అడుగుదామంటే 2022 ఏప్రిల్ 4న మా నూజివీడు కృష్ణాలోంచి ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. ఇప్పుడు ఏ ఆఫీసు మెట్లెక్కాలో కనుక్కునేసరికే కొన్నాళ్ళు పట్టింది. చివరికి తేలిందేమంటే, బళ్ళు నడిపేది తమరే.

జూన్ 12న బడిగంట మోగేసరికి మాకు బంగినపల్లి కోత అయిపోయి, రసాలు ఆఖరికొస్తాయి. సెలవులంతా రాలుకాయలు ఏరుకు తిన్న పిల్లలు మూతి మీద సొన మచ్చలతోనే బడికెళ్తారు. ఏటా ఆ పూట నాకు ఒకటే బెంగ: మనవడి తరగతి నిరుడున్న చోటే ఉందా, లేచిపోయిందా?

బెంగ ఊరికే రాలేదు. పెద్దవాడు మూడో తరగతికొచ్చిన 2022లోనే 117 నంబరు జీవో వచ్చింది. మూడు, నాలుగు, అయిదు తరగతులు మూటాముల్లె సర్దుకుని కిలోమీటరు లోపున్న హైస్కూలుకి బయల్దేరాయి. సబ్జెక్టుకో టీచరు దొరుకుతారన్నారు. మంచి ఆలోచనే. కాకపోతే ఎనిమిదేళ్ళవాడు మామిడి లారీలు తిరిగే రోడ్డు దాటాలి. ఒకటీ రెండూ మిగిలిన ఊరిబడిని చూసి కొందరు తల్లిదండ్రులు పిల్లల్ని ప్రైవేటు బస్సెక్కించారు. చిన్నవాడు మూడుకొచ్చిన 2025లో 117 పోయింది, కొత్త జీవోలొచ్చాయి. తరగతికో టీచరుండే మోడల్ ప్రైమరీ బళ్ళన్నారు. ఇదీ మంచి ఆలోచనే. రోడ్డు దాటినవాడు దాటినట్టే ఉన్నాడు, బస్సెక్కినవాళ్ళు దిగలేదు.

అప్పుడు బళ్ళు ఆరు రకాలు, ఇప్పుడు తొమ్మిదట. మా తోటలో బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, సువర్ణరేఖ, కలెక్టరు, అన్నీ కలిపి అయిదు. కళ్ళు మూసుకుని వాసన చూసి చెబుతాను ఏది ఏదో. చిన్నవాడి బడి తొమ్మిదింట్లో ఏ రకమో మాత్రం పంతులుగారిని అడగాల్సిందే. ఆయన వేలు ఎటు లేస్తుందో తమకు తెలుసు.

ఇక పథకాల పేర్లు. గోరుముద్ద డొక్కా సీతమ్మ భోజనమైంది. ఆ మహాతల్లి పేరు పెట్టినందుకూ, సన్నబియ్యం వండుతున్నందుకూ దణ్ణం. విద్యాకానుక విద్యార్థి మిత్ర అయింది. అమ్మఒడి తల్లికి వందనమైంది. ఇంట్లో ఎందరు పిల్లలుంటే అందరికీ ఇస్తున్నారు, అదీ మేలే. కానీ 15,000 రూపాయలని చెప్పి, బడి నిర్వహణకని 2,000 పట్టుకుని, 13,000 చేతికివ్వడం 2022లోనూ చూశాం, 2025లోనూ చూశాం. అట్టపెట్టె మీద బొమ్మ మారినంత మాత్రాన లోపల తూకం మారదని మా మండీలో కుర్రాడిక్కూడా తెలుసు. వెయ్యి బళ్ళకు సీబీఎస్‌ఈ ముద్ర కొట్టి, 2024లో పదో తరగతి పిల్లలు సగం దారిలో ఉండగా వెనక్కి తీసుకున్నారు. ఆ పిల్లల్ని ఏ పెట్టెలో సర్దాలి?

పంతుళ్ళ సంగతి. 2018 తర్వాత ఏడేళ్ళకి, 2025లో 16,347 పోస్టులకు డీఎస్సీ ప్రకటన వచ్చింది. సంతోషం. వచ్చినవాళ్ళ చేత మాత్రం ఫోను కూడా పట్టిస్తున్నారు. హాజరు ఫోటో, అన్నం ఫోటో. ఒక దశలో మరుగుదొడ్డి ఫోటో కూడా. 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనాభా లెక్కలు, విపత్తులు, ఎన్నికలు తప్ప చదువుకు సంబంధంలేని పని టీచరుకు చెప్పొద్దంది. ఫోటోల మాట అందులో లేదు. పాపం, చట్టం రాసినవాళ్ళు పంతులుగారి చేతిలో ఇంకా సుద్దముక్కే ఉంటుందనుకున్నారు.

కదపకపోతే ఏమవుతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. మా నూజివీడులోనే 2008లో నాటిన ట్రిపుల్ ఐటీ ఉంది. పల్లెటూరి పిల్లల కోసం, పదో తరగతి మార్కుల మీద, ఆరేళ్ళ చదువు. దానికీ చీడపీడలు ఉంటాయి, లేవనను. కానీ ప్రభుత్వాలు మారినా ఎవరూ వేళ్ళతో పీకి పక్క గట్టున పాతలేదు. పాతుకుంది, కాసింది.

అంటుమొక్క నాటాక మొదటి ఏళ్ళలో పూత వస్తే ఆశపడకుండా గిల్లేస్తాం. నాలుగైదేళ్ళకు గానీ కాయ చూడం. తమ దగ్గర సరిగ్గా కాపుకొచ్చే ఏటికే కొత్త తోటమాలి వస్తాడు. వచ్చీరాగానే గునపం అడుగుతాడు.

కాబట్టి మనవి: ఒక్క పదేళ్ళు మా బడిని ఉన్నచోట ఉండనివ్వండి. రకం తమ ఇష్టం, పేరు తమ ఇష్టం. తరగతికో పంతులునివ్వండి, ఆయన చేతిలో ఫోను తీసుకుని సుద్దముక్క పెట్టండి. జీవో రాసే ముందు మా ఊరికొచ్చి ఒక పూట తోటలో కూర్చోండి. చెట్టు ఎంత పొడుగున్నా మేం నీళ్ళు పైనుంచి పొయ్యం. పాదులో పోస్తాం.

ఇట్లు,
తమరెవరో తెలియని
తమ విధేయుడు

తా.క.: పదేళ్ళు కదపకుండా ఉంచితే బుట్టెడు చిన్నరసాలు నా బాధ్యత. ఈలోగా రుచికి నాలుగు పచ్చి కలెక్టరు కాయలు పంపుతున్నాను. పుల్లగా ఉంటాయి, ఏమనుకోకండి.