బెల్టు ఊడిందా? కొత్త బెల్టు కొనకండి

మీద కూర్చుని నడిపే గడ్డి మిషన్‌కి డెక్కు (కింద బ్లేడ్లుండే భాగం) బెల్టు మాటిమాటికీ ఊడిపోతోందని సికింద్రాబాద్‌లో ఎవరితో అన్నా ఒకటే జవాబు: రాణిగంజ్ వెళ్లి కొత్త బెల్టు తెచ్చి వెయ్యండి. నేను చెప్పేది దీనికి పూర్తి విరుద్ధం. కొత్త బెల్టు కొనకండి. స్ప్రింగు బిగించకండి. డెక్కును నీళ్లు కొట్టి కడగకండి. వినడానికి ఇవన్నీ తలకిందుల సలహాల్లానే ఉంటాయి. అయినా ఈ వరుసలోనే వెళ్లండి, ఎందుకో చెబుతాను.

మన ఊళ్లో ఈ బాధ ఎక్కువ ఉండటానికి కారణం ఉంది. 1806లో నిజాం సికందర్ జా పేరుతో వెలసిన కంటోన్మెంట్ ఊరు ఇది. పరేడ్ గ్రౌండ్స్, జింఖానా, బైసన్ పోలో మైదానం, బొల్లారంలో రాష్ట్రపతి నిలయం, తిరుమలగిరి వైపు మిలిటరీ వాళ్ల లాన్లు... ఇంత పచ్చిక తోసే మిషన్‌తో తెమలదు. వీటికి తోడు పెద్ద స్కూళ్లు, గేటెడ్ కమ్యూనిటీలు. జూన్ రెండో వారం దాటి వాన పడిందంటే గరిక ఆగదు. మిషన్ ఆగేది కూడా సరిగ్గా అప్పుడే.

బెల్టు తనంతట తాను ఊడదు, ఏదో ఒక పుల్లీ దాన్ని బయటికి తోస్తుంది. ఇంజన్ కింది పుల్లీ, బ్లేడ్లు తిప్పే రెండు మూడు స్పిండిళ్లు, మధ్యలో బెల్టును బిగువుగా పట్టే ఐడ్లర్ పుల్లీలు, అన్నీ ఒకే మట్టంలో ఉండాలి. వాటిలో ఒక్కటి కాస్త వాలినా బెల్టు గాడి గోడెక్కుతుంది, పక్కకు తిరగబడుతుంది, జారిపడుతుంది. అక్కడ కొత్త బెల్టు వేస్తే అదీ అదే గోడెక్కుతుంది. కాకపోతే కొత్తది కాబట్టి నాలుగు రోజులు ఆలస్యంగా ఎక్కుతుంది. ఆ నాలుగు రోజులే మనల్ని మోసం చేస్తాయి.

అందుకని మొదట ఊడిన బెల్టును పారేయకుండా ఎండలో పెట్టి చూడండి. ఒక పక్కే నున్నగా మెరుస్తోందా? పుల్లీ వాలింది. అడుగు భాగం మెరుస్తోందా? పుల్లీ గాడి అరిగి బెల్టు అడుక్కి దిగిపోతోంది. బాగున్న పుల్లీలో బెల్టు రెండు చెంపల మీదే నిలబడాలి, అడుగుకి తగలకూడదు. ఒకే చోట కాలిన మచ్చ ఉందా? ఏదో పుల్లీ బిగుసుకుపోయి బెల్టు అక్కడే రాసుకుంది. అంచున దారాలు లేచాయా? ఊడకుండా అడ్డుగా ఉండే బెల్ట్ గైడు వంగి బెల్టుకి తగులుతోంది. బెల్టు మెలితిరిగి ఉంటే మాత్రం తప్పు ఎక్కించిన చేతిది. స్క్రూడ్రైవర్ పెట్టి పుల్లీ మీదికి ఎగదోస్తే లోపలి తాళ్లు తెగుతాయి. పైకి ఏమీ కనిపించదు. ఆ తర్వాత అది గాడిలో నిలవదు. బెల్టును ఎప్పుడూ ఐడ్లర్ పుల్లీని మోసే చెయ్యి వెనక్కి లాగి, చేత్తోనే ఎక్కించాలి.

ఇప్పుడు తాళం తీసి జేబులో వేసుకోండి, స్పార్క్ ప్లగ్ వైరు పీకేయండి. ఈ రెండూ చేయకుండా డెక్కు కింద చెయ్యి పెట్టొద్దు. బెల్టు తీసేశాక ఒక్కో పుల్లీని వేలితో తిప్పండి. ఎక్కువసేపు గిర్రున తిరిగే పుల్లీ మంచిదని అందరూ అనుకుంటారు. నా లెక్కలో ముందు అనుమానించాల్సింది దాన్నే. రెండు వైపులా రబ్బరు సీలున్న బేరింగులో గ్రీజు సరిగా ఉంటే కొంచెం బరువుగా తిరిగి ఆగుతుంది. గలగలమంటూ ఆగకుండా తిరిగిందంటే గ్రీజు ఎండిపోయినట్టే. తర్వాత పుల్లీ అంచును బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి పైకీ కిందికీ ఊపండి. ఒక మిల్లీమీటరు ఊగినా బేరింగు పోయింది, లేదా ఐడ్లర్ చెయ్యి తిరిగే చోట బుష్ కోలగా అరిగింది. చాలా మిషన్ల ఐడ్లర్లలో ఉండేది 6203 బేరింగే: లోపల 17, బయట 40, మందం 12 మిల్లీమీటర్లు. రాణిగంజ్ బేరింగు షాపుల్లో దొరకని రోజుండదు. వెళ్లేదేదో దీనికోసం వెళ్లండి.

పుల్లీ కింద దారం చుట్టుకుని ఉందేమో చూడటం మన ఊళ్లో మరీ ముఖ్యం. 2024, 2025 జనవరుల్లో పరేడ్ గ్రౌండ్స్‌లో అంతర్జాతీయ పతంగుల పండగ జరిగింది. అదొక్కటే కాదు, సంక్రాంతికి ప్రతి మైదానంలోనూ మాంజా రాలుతుంది. నైలాన్ మాంజాను 2017లో జాతీయ హరిత ట్రైబ్యునల్ దేశమంతటా నిషేధించింది, అయినా గడ్డిలో అది దొరుకుతూనే ఉంది. బ్లేడు లాగిన మాంజా స్పిండిల్ షాఫ్టు మీద పొరలు పొరలుగా బిగుసుకుంటుంది. ఆ వేడికి కరిగి గాజు కడియంలా గట్టిపడి, సీలును కోసి లోపలికి దిగుతుంది. గ్రీజు బయటికి, ఎర్రమట్టి లోపలికి. కటర్ బ్లేడుతో కోసి తీస్తే తప్ప రాదు. పండగ మర్నాడు గడ్డి కోయించకండి. ముందు నలుగురు మనుషులతో మైదానమంతా నడిచి దారం ఏరించండి. మిషన్‌కే కాదు, పిట్టలకూ మంచిది.

ఇక ఐడ్లర్ చేతిని లాగి పట్టే స్ప్రింగు సంగతి. బెల్టు లూజుగా ఉందని స్ప్రింగును ఇంకో రంధ్రానికి తగిలించడం, చుట్లు కోసి పొట్టి చేయడం మామూలైపోయింది. దయచేసి చేయకండి. ఆ బిగువంతా ఐడ్లర్ బేరింగు మీదా, వాలిన చెయ్యి మీదా పడుతుంది. చెయ్యి ఇంకా వాలుతుంది, బెల్టు ఇంకా తొందరగా ఊడుతుంది. స్ప్రింగు సాగిపోయిందని అనుమానముంటే అదే నంబరు స్ప్రింగు కొత్తది వెయ్యండి. అలాగే పిండి గిర్నీలో పట్టాకు రాసినట్టు బెల్టుకు జిగురు మందులు రాయకండి. గిర్నీ పట్టా చదునుగా, ఒకే బిగువుతో నడుస్తుంది. మన బెల్టు, బ్లేడ్లు తిప్పే లివరు వేసిన ప్రతిసారీ కాస్త జారి పట్టుకోవాలి. జిగురు రాస్తే గడ్డి పొడి, దుమ్ము దానికే అంటుకుంటాయి.

డెక్కు కడగొద్దన్నది బేరింగుల కోసమే. ప్రెషర్ నీళ్లు బేరింగు సీలు దాటి లోపలికి పోతాయి. పుల్లీల చుట్టూ పేరుకున్న గడ్డిని ఎండనిచ్చి బ్రష్షుతో దులపండి, డెక్కు అడుగున ఉన్నదాన్ని చెక్కతో గీకండి.

ఇవన్నీ చూశాక కూడా బెల్టు మార్చాల్సి వస్తే, పాత బెల్టు చేత్తో పట్టుకుని షాపుకు వెళ్లకండి. అది సాగి ఉంటుంది. పైగా మొదటే తప్పు సైజు పడి ఉంటే అదే తప్పు మళ్లీ ఇంటికొస్తుంది. మిషన్ మాన్యువల్‌లో ఉన్న కొలతతో వెళ్లండి, కానీ ఆ అంకెను ఉన్నదున్నట్టు అడగకండి. మాన్యువల్‌లో ఇచ్చేది సాధారణంగా బెల్టు బయటి చుట్టుకొలత. ఇక్కడి షాపుల్లో ఏ-సెక్షన్, బీ-సెక్షన్ బెల్టుల మీద ఉండే అంకె లోపలి చుట్టుకొలత, అంగుళాల్లో. అర అంగుళం వెడల్పు బెల్టుకు మాన్యువల్ 97 అంగుళాలంటే మీరు అడగాల్సింది ఏ-95. ఏ-97 తెస్తే బయటి కొలత 99 అవుతుంది, ఎక్కించిన రోజే ఊడుతుంది. అంగుళంలో ఎనిమిదింట అయిదొంతుల వెడల్పుదైతే బీ-సెక్షన్, అందులో మూడు తగ్గించాలి. మామూలు మోటారు బెల్టు వద్దు. మిషన్‌లో బెల్టు ఐడ్లర్ దగ్గర వీపు వైపుకి కూడా వంగుతుంది కాబట్టి గుడ్డ తొడుగుతో, లోపల అరమిడ్ తాళ్లతో ఉన్నదే అడిగి తీసుకోండి.

ఇక అందరూ వదిలేసే సలహా ఒకటుంది. బెల్టు ఊడిన ప్రతిసారీ మిషన్ నడిపే మాలిని తిట్టడం, ఖర్చు అతని జీతంలో కోయడం మానండి. కాంట్రాక్టు మీద వచ్చే మనిషికి అది ఎంత దెబ్బో ఆలోచించండి. పైగా మెకానిక్ కంటే ముందు అడగాల్సింది అతన్నే: ‘అన్నా, ఎక్కడ ఊడింది?’ లివరు వేయగానే ఊడితే ఐడ్లర్ వాలి ఉంటుంది. గతుకుల్లో, మలుపుల్లో ఊడితే బెల్ట్ గైడు వంగి ఉంటుంది. గుబురు గడ్డిలో ఊడితే స్పిండిల్ బిగుసుకుంటోంది, లేదా మనమే మరీ కిందికి కోయమన్నాం. వానాకాలంలో గడ్డి పొడవులో మూడో వంతుకు మించి ఒక్కసారే కోయించొద్దు. గుబురు మధ్యలో ఆగి, ఇంజన్ పూర్తి రేజ్‌లో ఉండగా లివరు వేయించొద్దు. ఖాళీ చోట సగం రేజ్‌లో వేసి, ఆ తర్వాత గడ్డిలోకి వెళ్లాలి.

అంతా బిగించాక పది నిమిషాలు కోసి ఆపండి. తాళం తీసి, ప్లగ్ వైరు పీకి, చేతి వెనక వైపుతో ఒక్కో పుల్లీ నడుమును తాకి చూడండి. అన్నీ ఒకేలా గోరువెచ్చగా ఉంటే పని అయినట్టే. ఒక్కటి చురుక్కుమంటే దాని బేరింగు నంబరు రాసుకుని, మళ్లీ బెల్టు ఊడేదాకా ఆగకుండా ఆ వారమే మార్పించండి.